చప్టా క్రుంగిన యిల్లు

గృహస్థుల పాఠము

చదువవలసిన భాగములు: లూకా 6:46–49, లేవీయకాండము 14:33–48, యెహెజ్కేలు 13:10–15



నవంబరు, డిసెంబరు వానలు వెలిసిన తరువాత మన తీరపు పల్లెలలో ఏ యింటికి వెళ్ళినను ఒక మాట వినబడును: "వాకిట్లో సిమెంటు దిగిపోయింది." కొందరి యింట మెట్టు ఒక ప్రక్కకు ఒరిగియుండును. కొందరి యింట గోడకును చప్టాకును నడుమ వ్రేలు దూరునంత సందు పడియుండును. మరి కొందరి యింట బోరింగు చుట్టు వేసిన గచ్చు నడుమ పళ్ళెమువలె గుంటపడి, నీళ్ళు నిలిచి, దోమలు పెరుగుచుండును. క్రిస్మసుకు సున్నము కొట్టించునప్పుడు అర బస్తా సిమెంటు తెచ్చి పైన పూయించుదుము. మరుసటి సంవత్సరము మరల అర బస్తా. కూలి చేసికొని బ్రదుకు కుటుంబమునకు ఇది చిన్న ఖర్చు కాదు.

ఇది వాక్యపాఠమా, తాపీపని పాఠమా అని కొందరు అడుగవచ్చును. లేవీయకాండములో ఒక అధ్యాయపు పెద్ద భాగము ఇంటి గోడలను పరీక్షించు విధమునకే ఇయ్యబడినది గనుక, ఒక నెల మనమును మన గోడలను, మెట్లను చూచుకొనుటలో తప్పులేదని తలంచుచున్నాను.

నా యింటి సంగతి

మొదట నా యింటి సంగతియే చెప్పెదను, ఎందుకనగా తప్పు నాది. మా ఊరు బకింగ్‌హామ్ కాలువకును సముద్రమునకును నడుమ నున్నది. బడిపంతులు ఉద్యోగము విరమించిన తరువాత పాత పెంకుటిల్లు తీసివేసి మిద్దె వేసికొంటిని. వాకిట మూడు మెట్లు, వాటి ముందు ఆరడుగుల వెడల్పున సిమెంటు చప్టా వేయించితిని. మిద్దెమీది వాననీళ్ళు దిగు గొట్టమును సరిగా మెట్ల ప్రక్కనే విడిచిరి. అది చూపునకు బాగుగా లేదని నా భార్య అన్నది గాని, దానివలన కీడు వచ్చునని మా యిద్దరిలో ఎవరికిని తోచలేదు.

మొదటి వానకాలము తరువాత క్రింది మెట్టు దగ్గర వెండ్రుకవంటి బీట కనబడెను. సిమెంటు నీళ్ళు పోసి మూసితిని. రెండవ సంవత్సరము అది వ్రేలెడు సందాయెను; మెట్టు ముందుకు కొంచెము వ్రాలెను. క్రిస్మసు దగ్గరపడినది, చుట్టములు వచ్చుచున్నారు. కాబట్టి ఒక మనిషిని పిలిచి అంగుళము మందమున పైపూత పూయించి, నున్నగా రుద్దించి, ఎర్ర రంగు వేయించితిని. అందరును బాగున్నదనిరి.

యెహెజ్కేలు 13వ అధ్యాయములో బలములేని గోడకు పైపూత పూసినవారినిగూర్చి ప్రవక్త పలికిన మాటలు మీరెరుగుదురు. పెద్దవాన, వడగండ్లు, తుఫాను గాలి కలిసి వచ్చినప్పుడు పూత రాలి, గోడ పడి, పునాది అందరి కంటికిని కనబడునని అక్కడ వ్రాయబడియున్నది. ఆ అధ్యాయము మీద నేను ఒక ఆదివారము సంఘములో మాటలాడియున్నాను. ఎర్ర రంగు వేయించినదియు ఆ సంవత్సరమే.

తరువాతి ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున మా అమ్మ చెంబు పట్టుకొని వాకిటికి వచ్చి ఆ మెట్టుమీద కాలు పెట్టగా పైపూత పెళ్ళగా విరిగి జారెను. ఆమెకు ఎనుబది యేండ్లు దాటినవి. తుంటి యెముక విరిగెను. నెల్లూరులో ఆపరేషను చేయించితిమి. ఇప్పుడు నడచుచున్నది గాని చేతికఱ్ఱ లేనిదే కదలలేదు. ఆ మెట్టు వంక చూచినప్పుడు ఆమె నన్నేమియు అనదు. అనకపోవుటయే నాకు కష్టముగా నుండును.

ఆ తరువాత వచ్చిన ముసలి తాపీమేస్త్రి సుత్తె తియ్యలేదు, సిమెంటు మాట ఎత్తలేదు. నా మనుమనిని మిద్దె ఎక్కించి, బిందెడు నీళ్ళు ఆ గొట్టములో పోయుమని చెప్పి, తాను క్రింద గొంతుకూర్చుండి చూచెను. నీళ్ళు చప్టామీద పారలేదు. మెట్టు ప్రక్కనున్న సందులోనికి గుటగుట దిగిపోయెను. రెండవ బిందెయు అట్లే పోయెను.

"మాస్టారూ, రెండు బిందెలు తాగింది. ఇంకా తాగతాది. కింద యాడికి పోతుండాయో చూద్దాం రండి" అనెను.

గడ్డపారతో చప్టాను ఎత్తగా, క్రింద మోచేతివరకు చెయ్యి దూరునంత డొల్ల కనబడెను. ఇసుక వాననీళ్ళతో కూడ జారి, ప్రహరీ గోడ క్రిందుగా వీధి కాలువలోనికి పోయినది. దానికి తోడు పందికొక్కుల బొక్కలు రెండు. నేను రంగు వేయించిన నాటికే చప్టా క్రింద పట్టు లేదు.

నేల ఏల జారును?

సిమెంటు కాంక్రీటు తనంతట తాను క్రుంగదు. క్రిందనున్న నేల క్రుంగును, కాంక్రీటు దాని వెంట పోవును. కాంక్రీటు బరువును మోయుటలో బహు బలమైనది, వంగుటలో బహు బలహీనమైనది. లాగుడుకు దాని బలము నొక్కుడు బలములో సుమారు పదియవ వంతు మాత్రమే. అప్పడమును బల్లమీద పరచి అరచేత అదిమిన నిలుచును. రెండు అంచులు పట్టి నడుమ నొక్కిన పటుక్కున విరుగును. చప్టాయు అంతే. క్రింద నేల అంతటను ఆనియున్నంతకాలము దానిమీద ఎడ్లబండి నడిపినను ఓర్చుకొనును.

నేలను కదల్చునది సాధారణముగా నీరు. మన జిల్లాలో సంవత్సరపు వర్షములో సగమునకు పైగా ఈశాన్య ఋతుపవనముల వలననే, అనగా అక్టోబరు మొదలు డిసెంబరు లోపలనే కురియును. తొమ్మిది నెలలు ఎండిన నేలమీద మూడు నెలలలో అంత నీరు పడినప్పుడు ఇంటి చుట్టునున్న మన్ను ఏమగునో చూడుడి. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకొనిపోయి విజయవాడ–చెన్నై మార్గమున రైళ్ళు ఆగిపోయెను. ఇనుప పట్టాలకు చేటు రాలేదు, వాటి క్రింది మన్ను పోయినది. చూరుక్రింద ప్రతి వానకును చిన్నదిగా జరుగు పనియే అక్కడ పెద్దదిగా జరిగెను.

మన తీరమున నేల రెండు విధములు. ఒకదానికి చేసిన వైద్యము మరియొకదానికి పనికిరాదు.

మొదటిది ఇసుక. మత్తయి సువార్తలోని ఉపమానములో ఇసుక మాట ఉన్నది గనుక, సముద్రపు ఒడ్డున కాపురమున్న మనము ఆ భాగము చదివినప్పుడెల్ల కొంచెము ఉలికిపడుదుము. మనకు బండ ఎక్కడ దొరకును? అయితే ఆ దేశములో ఎండకాలమున ఎండి, వానకాలమున ఒక్కసారిగా పొంగు వాగులు ఉన్నవని జ్ఞాపకముంచుకొనవలెను. పొడి వాగులో ఇల్లు కట్టినవాడు ఇసుకవలన కంటె వరదవలననే చెడెను. లూకా వ్రాసినదానిలో ఇసుక మాటయే లేదు. లోతుగా త్రవ్వినవాడును, పునాది లేక నేలమీదనే కట్టినవాడును అక్కడ కనబడుదురు. ఇసుక చెడ్డదని ఇంజనీర్లును చెప్పరు. గట్టిగా కూరి, ప్రక్కలకు జారకుండ అడ్డు కట్టి, పారునీరు తగులకుండ చూచిన ఇసుక బరువును బాగుగా మోయును. సముద్రపు గట్టున నడచినవారందరు దీని నెరుగుదురు. పైన పొడి ఇసుకలో కాలు దిగబడును. అలలు తడిపి సర్దిన అంచున సైకిలు కూడ నడచును. ఇసుక నేలలో క్రుంగుట త్వరగా, ఒక్క పెద్దవానతో జరుగును. దిగినది తిరిగి పైకి రాదు.

రెండవది బంకమన్ను, నల్లమన్ను. కాలువకు పడమర, పెన్న పారుదల క్రింద వరి పండు ఊళ్ళలో ఇది ఎక్కువ. ఇది నీరు త్రాగి ఉబ్బును, ఎండి ముడుచుకొనును. మే నెలలో మాగాణిలో పడు నెర్రెలే మీ వసారా క్రిందను పడుచున్నవి, కంటికి కనబడవు, అంతే. మా చెల్లెలి యిల్లు అట్టి ఊరిలో నున్నది. ఆమె యింట చప్టాకును గోడకును నడుమనున్న సందు వేసవిలో అరంగుళము తెరచుకొని, డిసెంబరులో మూసికొనును. ఆమె ప్రతి వేసవిలోను దానిలో సిమెంటు కూరుచుండెను. వానలకు మన్ను ఉబ్బి ఆ సిమెంటును నొక్కగా, చప్టా అంచు పైకి లేచి పగిలెను. అక్కడ ఆమె ఏమియు చేయకుండినయెడల అంత నష్టము రాకపోవును.

ఈ నల్లమన్ను బాధ మనకొక్కరికే కాదు. రూర్కీలోని కేంద్రీయ భవన పరిశోధన సంస్థవారు దీనికొరకే అడుగున ఉల్లిగడ్డవలె ఉబ్బిన కాంక్రీటు స్తంభములను తయారుచేసిరి. నేల తడియుట, ఎండుట చేరని లోతునకు, అనగా సుమారు 3.5 మీటర్లకు, వాటిని దింపుదురు. బొంబాయి ఐ.ఐ.టి.లో ఆచార్య ఆర్.కె. కట్టిగారు, ఉబ్బు మన్నుమీద ఉబ్బని మన్నును దళసరిగా పరచి దిమ్మిస వేసిన క్రింది మన్ను అణగియుండునని కనుగొనిరి. వాకిటి చప్టాకు స్తంభములు అక్కరలేదు గాని, రెండవ ఉపాయము చిన్న కొలతలో మనకును పనికివచ్చును. దానిని ముందు చెప్పెదను.

నీటిని, మన్నును విడిచిన మిగిలిన కారణములు కొన్ని ఉన్నవి. పునాది త్రవ్వి తీసిన మన్నును మరల గుంటలో ఊరకే పోసి, దిమ్మిస వేయకుండ పైన సిమెంటు వేయుట అన్నిటికంటె సామాన్యమైనది. కొబ్బరి మొద్దు, పాత దుంగలు నేలలో విడిచి కప్పిన కుళ్ళి గుంటపడును. పందికొక్కులను చెప్పియున్నాను. బంకమన్నులో ఇంటి ప్రక్కనే పెద్ద చెట్టున్న దాని వేళ్ళు నీరు పీల్చి నేలను ముడుచును. రొయ్యల గుంట ఇంటికి ఆనుకొనియున్న, నిండినప్పుడు ప్రక్క నేల నానుచు, ఎండగట్టినప్పుడు ఆరుచు నుండును.

చూచుట, ఆగుట, మరల చూచుట

లేవీయకాండము 14లో ఇంటి గోడకు పొడవంటిది పుట్టిన సంగతి ఉన్నది. అది క్రుంగుటను గూర్చి వ్రాసినది కాదు. అయినను ఆ పరీక్ష చేయు క్రమము నన్ను ఆశ్చర్యపరచినది. ఇంటివాడు తానే వెళ్ళి, నా యింట ఏదో ఉన్నట్టు కనబడుచున్నదని చెప్పును. యాజకుడు వచ్చి, గోడమీద పల్లముగానున్న చోట్లను చూచి, ఏమియు చేయక, ఏడు దినములు ఇల్లు మూసి, తిరిగివచ్చి మరల చూచును. వ్యాపించినయెడల మాత్రమే ఆ రాళ్ళు తీయించును. ఆ రాళ్ళస్థానమున వేరు రాళ్ళు, వేరు అడుసు. అప్పటికిని తిరిగి పుట్టిన ఇల్లు పడగొట్టవలెను. సగము చూపు, సగము ఓర్పు. పూత చిట్టచివరకు వచ్చును.

మన పరీక్షయు ఇట్లే యుండవలెను. వాన వెలిసిన ఉదయము చప్టామీద నీరు ఎక్కడ నిలిచినదో చూడుడి. నిరుడు లేని గుంట ఈ యేడు కనబడిన అక్కడ నేల దిగినది. గోడ పొడుగున నడచి, చప్టాకును గోడకును నడుమ సందు ఎంతో చూడుడి. చేతికఱ్ఱతో గాని, పెద్ద రూపాయి బిళ్ళతో గాని తట్టుచు పొండి. గట్టి చోట టక్కున మ్రోగును, డొల్ల చోట కుండవలె బొంగురుగా పలుకును. మెట్ల యెత్తులను రెండు చివరల కొలిచి చూడుడి. పిల్లల గోళీ ఒకటి చప్టామీద విడిచిన, అది ఇంటివైపు దొర్లినయెడల వాననీరును ఇంటివైపే పోవుచున్నదని తెలిసికొనుడి. నా మట్టుకు రసమట్టము కంటె గోళీయే త్వరగా నిజము చెప్పినది. దూరపు కొలతకు మేస్త్రులు నీళ్ళు నింపిన పారదర్శకపు గొట్టమును రెండు చివరల పట్టుకొని మట్టము చూచుదురు. అది ఇద్దరు పిల్లలు కూడ చేయగల పని.

తరువాత గుర్తు పెట్టుడి. బీట యొక్క రెండు కొనల దగ్గర పెన్సిలుతో అడ్డుగీత గీచి తేదీ వేయుడి. గోడమీద బీట ఉన్నయెడల దానికి అడ్డముగా పలుచని సిమెంటు పట్టీ వేసి దానిమీద తేదీ వ్రాయుడి. ఆ పట్టీ పగిలిన, బీట ఇంకను కదలుచున్నది. పగులనియెడల అది ఎప్పుడో ఆగిన పాత బీట. యాజకుడు ఏడు దినములు ఆగెను. మనము ఒక వానకాలమును ఒక వేసవియు ఆగుట మంచిది. ఇసుక నేల అయితే మొదటి వానలకే జవాబు వచ్చును. వేసవిలో తెరచి వానలో మూసికొను బీట బంకమన్నుదని తెలియును.

ఇక్కడ ఒక భేదము గట్టిగా పట్టుకొనవలెను. వాకిటి చప్టా క్రుంగుట వేరు, ఇల్లే క్రుంగుట వేరు. తలుపులు, కిటికీలు హఠాత్తుగా బిగిసికొనుట, కిటికీ మూలనుండి ఏటవాలుగా బీట పైకి ప్రాకుట, ఇటుకల వరుసలలో మెట్లమెట్లుగా పగులుట, మూడు రూపాయి నాణెములు కలిపి దూర్చిన దూరునంత బీట, మిద్దె దూలము దగ్గర సందు – వీటిలో ఏది కనబడినను, మేస్త్రిని కూడ కాదు, ఇంజనీరును పిలువుడి. వచ్చి చూచువరకు ఆ గదిలో పిల్లలను పడుకొననియ్యకుడి.

బాగుచేయుట

మొదట నీరు. దీనికి ఖర్చు తక్కువ, ఫలము ఎక్కువ. అయినను అందరు దీనిని చివరకు విడుతురు. మిద్దె గొట్టమునకు మరి ఒక గొట్టము అతికించి, నీటిని గోడకు ఆరడుగుల దూరమున కాలువలో గాని ఇంకుడు గుంతలో గాని విడువవలెను. పూరిల్లు, రేకులయిల్లు అయితే చూరునీళ్ళు పడు చోట నాపరాయి గాని కంకర గాని పరచవలెను. స్నానపు నీళ్ళు, బోరింగు నీళ్ళు గోడవారగా ఇంకకుండ కాలువ తీయవలెను. ఇంకుడు గుంతను గోడకు దగ్గరగా త్రవ్వుట మన ఊళ్ళలో చాల చోట్ల చూచుచున్నాను. మంచి పనిని చెడ్డ చోట చేయుట అది. ఇంటి చుట్టు నేల ఇంటినుండి బయటికి వాలియుండవలెను. నాలుగడుగులకు ఒక అంగుళము వాలు చాలును.

నీటి దారి మార్చిన తరువాత ఒక వానకాలము క్రుంగుట ఆగినదా అని చూచి, అప్పుడు చప్టా సంగతి తలపెట్టుడి. చప్టా ముక్కలు కాలేదు, క్రింద డొల్ల చిన్నది అనుకొందము. రెండేసి అడుగుల దూరమున అంగుళపు రంధ్రములు వేయించి, ఒక పాలు సిమెంటు, మూడు పాళ్ళు సన్నని ఇసుక జావవలె కలిపి, ప్రక్క రంధ్రములో పొంగి వచ్చువరకు పోయించవచ్చును. డొల్ల నిండును, క్రుంగిన చప్టా మాత్రము పైకి లేవదు. అమెరికా మొదలైన దేశములలో యంత్రముతో అడుసును గాని, ఉబ్బు రసాయనపు నురుగును గాని లోపలికి నెట్టి చప్టాను ఎత్తుదురు. పది అడుగుల వాకిటికి ఆ ఖర్చు దండుగ. మన కూలీలకు గడ్డపార ఉన్నది. పగులగొట్టి మరల వేయుటయే మనకు అగ్గువ.

ఎత్తుటను గూర్చి ఒక మాట. ఇటలీ దేశపు పీసా గోపురము 1173లో మొదలుపెట్టబడి, మూడవ అంతస్తు నాటికే మెత్తని బంకమన్నులో ఒక ప్రక్కకు ఒరిగెను. 1990లో దానిని జనులకు మూసివేసి, 2001 వరకు బాగుచేసిరి. క్రుంగిన ప్రక్కను ఎవరును ఎత్తలేదు. ఎత్తుగానున్న ఉత్తరపు ప్రక్క క్రిందినుండి మన్నును కొద్దికొద్దిగా తీయగా గోపురము తానే అర డిగ్రీ మేర వెనుకకు సర్దుకొనెను. మా చెల్లెలి యింటి చప్టాకు మేస్త్రి చేసినది దీనికి చిన్న తమ్ముడు: లేచిన అంచు క్రింద మన్ను గీకి, పలకను దింపెను.

పగులగొట్టి వేయుటయే నిశ్చయమైతే, దానికి జనవరి, ఫిబ్రవరి మంచి నెలలు. నేల మరీ తడిగాను మరీ పొడిగాను ఉండదు. నల్లమన్ను నేలలో మే నెలలో వేసిన చప్టాను నవంబరు తప్పక ఎత్తును. మెత్తని మన్నంతయు గట్టి నేల తగులువరకు తీసివేయుడి. పందికొక్కు బొక్కలను చివరవరకు త్రవ్వి, గాజు పెంకులు, కంకర కూరి మూయుడి. బంకమన్ను అయినయెడల రెండడుగులైనను తీసి, దానికి బదులు గ్రావెల్ మన్ను నింపుడి. పైన చెప్పిన ఉబ్బని మన్ను ఇదే. ఒక్కసారిగా నింపకూడదు. ఆరంగుళములు పోసి, మన్ను చేత పిడికిలి పట్టిన ముద్దగునంత తడిపి, దిమ్మిస వేసి, మడమ నొక్కినను గుర్తు పడనప్పుడు పై పొర పోయవలెను. కూలివారు తొందరపడుదురు. ఈ ఒక్క చోట మాత్రము ఇంటివాడు నీడకు పోక ప్రక్కనే నిలువవలెను. శుభ్రమైన ఇసుకకు నీళ్ళు కట్టి సర్దించవచ్చును. బంకమన్నుకు అట్లు చేసినయెడల బురద మిగులును.

దానిమీద మూడంగుళముల కంకర పరచి, ఒకటి సిమెంటు, రెండు ఇసుక, నాలుగు కంకర పాళ్ళతో మూడు నాలుగంగుళముల కాంక్రీటు వేయుడి. సముద్రపు ఇసుక ఉచితమని తేకుడి. ఉప్పు చెమ్మను పిలుచును, లోపల ఇనుము ఉన్నయెడల దానిని తినివేయును. ఉప్పు నీటి బోరు నీళ్ళతోను కలుపకుడి. చప్టాను గోడకు అతికించకూడదు. నడుమ అరంగుళము సందు విడిచి, తారు కలిపిన ఇసుకతో నింపిన, చప్టా కదలినను గోడను లాగదు. ఆరడుగులకు ఒక అతుకు గీత విడువుడి. పగులవలసి వచ్చిన అక్కడ నిటారుగా పగులును. తరువాత తడిగోనెలు కప్పి ఏడు దినములు, బస్తామీద పి.పి.సి. అని యున్నయెడల పది దినములు, ఆరనియ్యక తడుపుడి. ఇక్కడ చేసిన పొదుపు ఎవరికిని కలిసిరాలేదు.

నన్నడిగిన, నల్లమన్ను ఊళ్ళలో వాకిటికి కాంక్రీటే వద్దందును. గట్టిపరచిన గ్రావెల్ మన్నుమీద రెండంగుళముల ఇసుక పరచి కడప నాపరాళ్ళు వేసికొనుడి. ఒక రాయి దిగిన దానినొక్కదానిని గడ్డపారతో ఎత్తి, క్రింద ఇసుక సర్ది, మరల పెట్టుకొనవచ్చును. ఒక పూట పని.

మరుగుదొడ్డి గుంట

పెరటిలో మరుగుదొడ్డి గుంటమీద వేసిన కాంక్రీటు మూత క్రుంగినను, దానిమీద తుప్పు మరకలు వచ్చినను, పెచ్చులూడి కమ్మీలు కనబడినను, పైన చెప్పినదేదియు చేయకుడి. గుంటలోని ఆవిరి క్రిందినుండి ఇనుమును తినును. పైకి బాగున్న మూత లోపల చచ్చియుండును. దానిమీద ఎవరును నిలువకుండ చుట్టు కంప వేయుడి, పిల్లలను కనిపెట్టుడి. క్రొత్త మూత వేరుచోట పోతపోసి తెచ్చి మార్చవలెను.

ఆ గుంటలోనికి మనిషిని దింపకుడి. లోపలి గాలి వాసన లేకయే మనిషిని పడవేయును. అతని కొరకు దిగినవాడును పడును. రక్షణ సాధనములు లేక మనిషిని అట్టి గుంటలో దింపుట 2013 చట్టము ప్రకారము నేరము. ఇతరుల యిండ్లలో దిగుటకు ఎవరిని పిలుచుచున్నారో మనకు తెలియును. వారు మన పేటల బిడ్డలే. ఎంత కూలి ఇత్తుమన్నను, ఎవరు పిలిచినను, మన యువకులు పోకూడదని సంఘపెద్దలు స్పష్టముగా చెప్పవలెను. గుంట తోడుటకు బండి యంత్రములు ఉన్నవి.

మా యింటి వాకిలి తిరిగి వేసితిమి. గొట్టము ఇప్పుడు ప్రహరీ దాటి కాలువలో పడుచున్నది. మెట్ల ప్రక్క ఇనుప కమ్మీ ఒకటి అమ్మ పట్టుకొనుటకు నాటించితిని. గోడమీద నేను వేసిన పెన్సిలు గీతలు మూడు వానకాలములకు కదలలేదు. ఈ మధ్య మనుమడు వాటి ప్రక్క తన యెత్తు కూడ గీచుకొనుచున్నాడు గనుక, ఏ గీత చప్టాదో, ఏది వానిదో తేదీలు చూచి తెలిసికొనవలసివచ్చుచున్నది.

వానలు వెలిసిన తరువాతి మొదటి ఆదివారము, ఆరాధన ముగిసిన పిమ్మట, మన యువకులు ఇద్దరిద్దరుగా వృద్ధులున్న యిండ్లకు వెళ్ళి చప్టాలు, మెట్లు, గుంట మూతలు చూచివచ్చెదరు. వారియొద్ద పెన్సిలు, గోళీ, నీళ్ళగొట్టము ఉండును. తమ యింటికి రావలెనని కోరువారు ముందుగా సంఘపెద్దలతో చెప్పవలెను. తలుపు బిగిసికొనుచున్నదా లేదా అనియు అప్పుడే చెప్పినయెడల, ఇంజనీరుగారిని పిలువవలసిన యిండ్లు ఏవో ముందే తెలియును.